జిరాక్స్ షాపులో మిగిలిపోయిన మా ఇంటి కాగితాలు

పోయిన నెల ఒక శనివారం, పాప స్కూల్లో ఆధార్ కాపీ అడిగారని మా వీధి చివర జిరాక్స్ షాపుకి వెళ్లాను. అందరం చేసేదే నేనూ చేశాను. గోడకి అంటించిన వాట్సాప్ నంబరు సేవ్ చేసుకుని, పీడీఎఫ్ పంపి, "తమ్ముడూ, రెండు కాపీలు" అని నిలబడ్డాను. కుర్రాడు కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచాడు. నా ఫైలు ఎక్కడుందో కనబడక పైకీ కిందికీ జరుపుతూ వెతికాడు. ఆ వెతికినంతసేపూ స్క్రీన్ నాకు నిండుగా కనిపిస్తూనే ఉంది.

ఆధార్‌లు, పాన్ కార్డులు, పాసుబుక్కు మొదటి పేజీలు, పదో తరగతి మెమోలు, ఇంటి అద్దె అగ్రిమెంట్లు, ఎవరిదో గర్భం స్కానింగ్ రిపోర్టు, ఎవరికో వచ్చిన విడాకుల నోటీసు. చాలా ఫైళ్లకి మనుషుల పేర్లే పెట్టి ఉన్నాయి. వాటిలో ఒకటి మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే ఆవిడ పేరు, రోజూ సాయంత్రం పార్కులో కలుస్తాం. నేను తల తిప్పుకున్నాను కానీ అప్పటికే చదివేశాను, ఇక మర్చిపోలేను.

ప్రింట్లు చేతికొచ్చాక నా ఫైలు తీసేయమని అడిగాను. కుర్రాడు ఏమీ విసుక్కోలేదు, వెంటనే తీసేశాడు. రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీయమంటే తీశాడు, వాట్సాప్ చాట్‌లో ఉన్నదీ తీశాడు. "ఇవన్నీ ఎన్నాళ్లు ఉంచుతారు తమ్ముడూ" అని అడిగితే, "ఎవరూ అడగరక్కా, హార్డ్ డిస్క్ నిండితే అప్పుడు ఒకేసారి తీస్తాం" అన్నాడు. వాడు దొంగ కాదు, పొద్దంతా నిలబడి చాకిరీ చేసే పిల్లవాడు. నాకు భయం వేసింది వాడిని చూసి కాదు. ఆ కంప్యూటర్ రేపు పాడైతే రిపేరుకి ఎక్కడికి పోతుంది, షాపు ఎత్తేస్తే దాన్ని ఎవరు కొంటారు, వాట్సాప్ వెబ్ తెరిచి ఉండగా మధ్యాహ్నం భోజనానికి వెళ్తే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు, ఇవన్నీ తలుచుకుంటే భయం వేసింది.

ఆన్‌లైన్ ప్రైవసీ అనగానే మనకి ఎక్కడో దూరదేశంలో చీకటి గదిలో కూర్చున్న హ్యాకర్ గుర్తొస్తాడు. నేను ఐటీలో పన్నెండేళ్లుగా పని చేస్తున్నాను, టెస్టింగ్. అలాంటివాళ్లు లేరని అనను. కానీ మా ఇంట్లో ఇప్పటిదాకా జరిగిన నష్టాలన్నీ వరసగా రాసుకుంటే, ప్రతిదీ మేమే మా చేత్తో ఇచ్చిన కాగితం దగ్గరో, ఫోటో దగ్గరో, నంబరు దగ్గరో మొదలైంది. ఇచ్చినప్పుడు అవసరం నిజమే. పని అయిపోయాక ఆ కాగితం ఎక్కడ ఆగింది అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. నేను ఇవాళ రాయాలనుకున్నది దాని గురించే.

ముందు ఆధార్ సంగతే పూర్తి చేస్తాను. ఆధార్ సైట్ నుంచి దించుకునే పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా, అందుకని భద్రమే అనుకుంటాం. ఆ పాస్‌వర్డ్ ఏమిటో దేశమంతటికీ తెలుసు: పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మన పేరు, వయసు తెలిసిన ఎవరైనా తెరవగలరు. పైగా షాపులో పాస్‌వర్డ్ అడిగితే క్యూలో అందరికీ వినబడేలా మనమే చెప్తాం. దాని బదులు మాస్క్‌డ్ ఆధార్ అని ఒకటి అదే సైట్‌లో దించుకోవచ్చు, అందులో పన్నెండు అంకెల్లో చివరి నాలుగే కనిపిస్తాయి. చాలా చోట్ల అది సరిపోతుంది. 2022 మే నెలలో ఆధార్ సంస్థ బెంగళూరు ఆఫీసు నుంచి ఒక నోటీసు వచ్చింది. జిరాక్స్ కాపీలు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వొద్దు, మాస్క్‌డ్ కాపీ వాడండి, నెట్ సెంటర్లలో డౌన్‌లోడ్ చేస్తే కాపీలన్నీ తీసేయండి అని అందులో ఉంది. జనం కంగారు పడ్డారు, రెండు రోజులకే ఆ నోటీసుని వెనక్కి తీసుకున్నారు, మామూలు జాగ్రత్త చాలన్నారు. నాకు ఇప్పటికీ ఆ నోటీసులో ఉన్నదే సరైన సలహా అనిపిస్తుంది. వెనక్కి తీసుకోకుండా, దాన్నే ఇంకాస్త వివరంగా తెలుగులో రాసి ప్రతి మీసేవ గోడకీ అంటించి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నేను షాపుకి వాట్సాప్‌లో పంపడం మానేశాను. ఇంట్లో చిన్న ప్రింటర్ కొన్నాం, ధర కొంచెం నొప్పి అనిపించింది కానీ కొన్నాం. కాపీ ఇచ్చేటప్పుడు దాని మీదే పెన్నుతో అడ్డంగా "ఫలానా స్కూల్ అడ్మిషన్ కోసం మాత్రమే" అని రాసి తేదీ వేసి సంతకం పెడతాను, అక్షరాలు ఫోటో మీదికీ నంబరు మీదికీ వచ్చేలా. దానితో మోసం ఆగిపోతుందని కాదు. ఆ కాపీని ఇంకో సిమ్ కార్డుకో ఇంకో లోనుకో పెట్టబోయేవాడికి అది పనికిరాని కాగితం అవుతుంది, అంతవరకు చాలు.

ఇంత పట్టుదల నాకు ఎక్కడినుంచి వచ్చిందంటే మా బాబాయి వల్ల.

మాది కరీంనగర్ వైపు పల్లె. 2019లో మా బాపు, బాబాయి కలిసి ఊరి బయట ఉన్న జాగా అమ్మారు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఇద్దరూ దస్తావేజు మీద వేలిముద్రలు వేశారు, ఆధార్ కాపీలు జత చేశారు. అందరూ చేసేదే. మూడేళ్ల తర్వాత బాబాయి వడ్ల పైసలు పడ్డాయా లేదా అని పాసుబుక్కు ఎంట్రీ వేయించుకోవడానికి బ్యాంకుకి పోతే, అందులో మూడు విత్‌డ్రాయల్స్ ఉన్నాయి, ఆయన తీయనివి. మొదటి రెండూ పదేసి వేలు, మూడోది తొమ్మిది వేల చిల్లర. ఏటీఎం కార్డు ఆయనకి లేనే లేదు. ఫోన్‌లో పే యాప్‌లు లేవు. ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. "నేను ఎవ్వరితోని మాట్లాడలే బిడ్డా" అని ఆయన ఫోన్‌లో పదే పదే అంటుంటే, ఆయన ఏదో దాస్తున్నాడేమోనని మొదట నేనే అనుమానించాను. ఆ అనుమానం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

జరిగింది ఏమిటంటే ఆధార్ మీద డబ్బు తీసే పద్ధతి ఒకటుంది, ఏఈపీఎస్ అంటారు. ఊళ్లలో బ్యాంకు మిత్ర దగ్గర చిన్న మిషన్ మీద వేలు పెట్టి డబ్బు తీసుకుంటారు చూడండి, అదే. దానికి కావాల్సినవి మూడే: ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర. పిన్ లేదు, ఓటీపీ లేదు, కార్డు లేదు. చదువు రాని ముసలివాళ్లకి అది నిజంగా వరం, మా నాయనమ్మ పింఛను రోజుల్లో నేను కళ్లారా చూశాను. కానీ అదే వేలిముద్ర ఒక కాగితం మీద ఇంకుతో ముద్రపడి ఉంటే, ఆ కాగితం స్కాన్ అయి ఆన్‌లైన్‌లో ఉంటే, దాని పక్కనే ఆధార్ నంబరు కూడా ఉంటే? ఇది నా ఊహ కాదు. 2018లో మా పక్క జిల్లా పెద్దపల్లిలోనే ఒక సిమ్ కార్డుల డీలర్ రిజిస్ట్రేషన్ శాఖ సైట్ నుంచి దస్తావేజులు దించి, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు స్టాంపు చేసినట్టు నకలు వేళ్లు తయారు చేసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. టార్గెట్ అందుకోవడానికి. ఆ తర్వాతి ఏళ్లలో అదే పద్ధతితో ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలని రెండు రాష్ట్రాల పోలీసులూ పట్టుకున్నారు.

మా బాబాయి ముద్ర ఏ కాగితం నుంచి పోయిందో ఎవరూ రుజువు చేయలేకపోయారు. దస్తావేజు నుంచే కావచ్చు, సిమ్ కొన్నప్పుడు "సరిగ్గా పడలేదు, ఇంకోసారి పెట్టండి" అంటూ రెండుసార్లు పెట్టించుకున్న చోట కావచ్చు. పోయింది మాత్రం నిజం. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, కార్డు పోతే బ్లాక్ చేస్తాం, వేలు మార్చుకోలేం కదా.

డబ్బు కోసం ఏడు నెలలు తిరిగాం. ఇక్కడ ఒక సంగతి అందరికీ తెలియాలి. రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, మన తప్పూ బ్యాంకు తప్పూ కాకుండా మధ్యలో ఇంకెవరివల్లో డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పని దినాల్లోపు మనం ఫిర్యాదు చేస్తే మన నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు రోజులైతే కొంత మనమే భరించాలి, ఏడు దాటితే బ్యాంకు పాలసీ ఎలా ఉంటే అలా. మా బాబాయి వెళ్లింది మూడు వారాల తర్వాత. మాకు మెసేజ్ రానే రాలేదని, ఖాతాకి ఉన్నది ఎప్పుడో పోయిన పాత నంబరని మేము, నంబరు మార్చుకోవాల్సింది మీరే కదా అని వాళ్లు. చివరికి ఇరవై వేలు వెనక్కి వచ్చాయి. మిగిలినవి రాలేదు. ఆయన ఆ మిగతా డబ్బు గురించి ఇప్పుడు మాట్లాడడు, కానీ బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టడం మానేసి, ఆటోకి నలభై రూపాయలిచ్చి మండలానికి పోయి విత్‌డ్రాయల్ ఫారం రాయించుకుని డబ్బు తెచ్చుకుంటాడు.

అందుకే ఇది చదువుతున్నవాళ్లు మీ అమ్మానాన్నల బ్యాంకు ఖాతాకి ఏ నంబరు ఉందో ఈ రోజే అడగండి. చాలామందికి అది పదేళ్ల కింద కొడుకు కొనిచ్చిన పాత సిమ్ నంబరే అయి ఉంటుంది. ఆ తర్వాత ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి. ఆధార్ సైట్‌లోనూ యాప్‌లోనూ చేయొచ్చు, ఖర్చేమీ లేదు. లాక్ అయ్యాక అసలు వేలు పెట్టినా నకలు వేలు పెట్టినా మిషన్ ఒప్పుకోదు. నేను ఇంట్లో ఆరుగురికి చేశాను. చిక్కు ఏమిటంటే రేషన్ షాపులో కూడా ఒప్పుకోదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

రెండో సంగతి మా చెల్లి బయోడేటా.

మా చెల్లికి సంబంధాలు చూస్తున్నాం రెండేళ్లుగా. మొదట్లో బయోడేటా నేనే తయారు చేశాను, బాగా వచ్చిందని సంతోషపడ్డాను కూడా. ఒక్క పేజీలో పూర్తి పేరు, పుట్టిన తేదీ, పుట్టిన టైం, ఊరు, నక్షత్రం, గోత్రం, చదువు, కంపెనీ పేరు, జీతం, బాపు చేసిన ఉద్యోగం, అమ్మ పుట్టింటి పేరు, మేనమామ ఏం చేస్తాడు, ఉన్న ఇల్లు, ఉన్న భూమి, అడ్రస్, మూడు ఫోన్ నంబర్లు, కింద రెండు ఫోటోలు. పెద్దమ్మకి పంపాం. పెద్దమ్మ తన గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపులోంచి ఇంకో రెండు గ్రూపులకి, అక్కడినుంచి ఒక మ్యారేజ్ బ్యూరోకి, ఆ బ్యూరో నుంచి మేము పేరు కూడా వినని ఇంకో బ్యూరోకి.

నాలుగు నెలల తర్వాత ఒకాయన మా చెల్లికే నేరుగా ఫోన్ చేసి, పలానా కంపెనీలో చేస్తారు కదా, మీ ఆఫీసు కిందే ఉన్నాను, కలుద్దామా అన్నాడు. ఇంకొకడు రాత్రి పదకొండుకి ఆమె ఫోటోనే డీపీగా పెట్టుకుని మెసేజ్ చేశాడు. బ్లాక్ చేస్తే ఇంకో నంబరు. మా చెల్లి రెండు నెలలు క్యాబ్‌లో రావడం మానేసి, నన్నో మా ఆయన్నో తీసుకెళ్లమని అడిగింది. టెన్షన్‌తో సంబంధాలే వద్దంది. తప్పు ఆమెది ఏమీ లేదు, ఆమె ఆ కాగితం ఎవరికీ పంపలేదు కూడా. పంపింది మేము, ప్రేమతోనే, పెళ్లి కావాలనే.

ఆ పేజీని ఒకసారి మోసగాడి కళ్లతో చదవండి. పుట్టిన తేదీ ఉంది, అమ్మ పుట్టింటి పేరు ఉంది, అంటే కస్టమర్ కేర్‌లో అడిగే ప్రశ్నలకి జవాబులున్నాయి. పేరు, పుట్టిన సంవత్సరం ఉన్నాయి, అంటే పైన చెప్పిన ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ ఉంది. జీతం ఉంది, అంటే ఎంత అడగొచ్చో తెలుసు. బాపు రిటైరయ్యారని ఉంది, అంటే పగలు ఇంట్లో ఎవరుంటారో తెలుసు. సీబీఐ ఆఫీసర్‌నని యూనిఫాంలో వీడియో కాల్ చేసి "మీ అమ్మాయి పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి" అని బెదిరించేవాళ్లకి అమ్మాయి పేరు, కంపెనీ, తండ్రి నంబరు ఎక్కడ దొరుకుతాయని మనం ఆశ్చర్యపోతాం. ఇలాంటి కాగితాల్లోనే దొరుకుతాయి. వీడియో కాల్‌లో అరెస్టు చేయడం అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా రేడియోలో ఈ మాట చెప్పాల్సి వచ్చింది. అయినా భయపడే క్షణంలో చట్టం ఎవరికి గుర్తుంటుంది? మన ఇంటి సంగతులన్నీ వాడి నోట వింటే నిజమే అనిపిస్తుంది.

కొత్త బయోడేటా రాశాం. ఇంటిపేరు, చదువు, ఏ రంగంలో ఉద్యోగం, ఊరు కాకుండా జిల్లా, నక్షత్రం, వయసు. ఫోన్ నంబరు ఒక్కటే, అది మా ఆయనది. పుట్టిన తేదీ, టైం జాతకం చూపించుకుంటామని అడిగినప్పుడు, అవతలివాళ్లతో ఒకసారి మాట్లాడాక ఇస్తాం. ఫోటో విడిగా, ఎవరికి పంపితే వాళ్ల పేరు ఫోటో మీద సన్నగా రాసి పంపుతాం, వాట్సాప్‌లో ఒక్కసారే తెరుచుకునేలా. దాన్ని ఇంకో ఫోన్‌తో ఫోటో తీసేవాడిని ఆపలేం, నాకు తెలుసు. కానీ పేరు రాసి ఉంటే ఎవరి చేతిలోంచి బయటికి పోయిందో తెలుస్తుంది. పెద్దమ్మకి ఇది నచ్చలేదు. "ఇన్ని దాస్తే ఏదో లోపముందనుకుంటరే" అంది. ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు, ఒకటి రెండు సంబంధాలు నిజంగానే ఆ మాట మీద వెనక్కి పోయాయి. పోనీ. ఆడపిల్ల ఫోటో అడిగిన వెంటనే పంపలేదని తప్పుపట్టే ఇంటికి మా చెల్లి వెళ్లకపోవడమే మంచిదని మా అమ్మ అంది, ఆ రోజు అమ్మ మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

పాత బయోడేటా మాత్రం వెనక్కి రాదు. ఎన్ని ఫోన్లలో ఉందో లెక్క లేదు.

చట్టం ఏం చేస్తుందని మా ఆఫీసులో ఒకరు అడిగారు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని గోప్యత మన ప్రాథమిక హక్కే అని ఏకగ్రీవంగా తీర్పిచ్చారు. ఆ కేసు వేసినది కర్ణాటక హైకోర్టులో జడ్జిగా చేసి రిటైరైన పుట్టస్వామి గారు, ఎనభై ఏళ్లు దాటిన వయసులో ఆధార్ మీద కోర్టుకి వెళ్లారు. ఆ పెద్దాయన ఓపికకి నేను మనసులో దండం పెట్టుకుంటాను. తర్వాత 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని రూల్స్ వచ్చాయి, కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకి ఇంకా పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. తప్పు చేసిన సంస్థకి 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు. కానీ మనుషులు తమ సొంత పనికి, ఇంటి పనికి వాడుకునే డేటాకి ఆ చట్టం వర్తించదు. అంటే పెద్దమ్మ గ్రూపు దాని కిందికి రాదు. రావాలని కూడా నేను కోరుకోను, ఇంటి మాటలకి పోలీసు అక్కర్లేదు. ఆ జాగ్రత్త మనమే ఒకరికొకరం నేర్పుకోవాలి, ఇంకొకరి ఫోటో ఫార్వర్డ్ చేసే ముందు వాళ్లని అడగాలి.

షాపుల్లో బిల్లు కౌంటర్ దగ్గర ఫోన్ నంబరు అడిగితే నేను ఇవ్వను. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల శాఖ, నంబరు ఇస్తేనే అమ్ముతాం అనడం సరికాదని దుకాణాలకి చెప్పింది. "వద్దండీ, బిల్లు కాగితం ఇవ్వండి" అంటే ఇస్తున్నారు, ఒక్కోసారి వెనక క్యూలో వాళ్లు విసుక్కుంటారు అంతే.

యాప్‌ల గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మనం ఇచ్చేది మనది కాదు. ఏదో యాప్ వేసుకున్నప్పుడు కాంటాక్ట్స్ చూడొచ్చా అని అడుగుతుంది, మనం సరే అని నొక్కుతాం. ఆ సరే అన్నది మా చెల్లి నంబరు గురించి, మా పాప టీచర్ నంబరు గురించి, పదేళ్లుగా మాట్లాడని స్నేహితురాలి నంబరు గురించి. వాళ్లెవరినీ మనం అడగలేదు. 2020 డిసెంబరులో తెలంగాణలో లోన్ యాప్‌ల గొడవ గుర్తుందా? నాలుగైదు వేల అప్పుకి ఫోన్‌లోని కాంటాక్ట్స్ అన్నీ లాక్కుని, కట్టడం ఆలస్యమైతే అప్పు తీసుకున్నవాళ్ల ఫోటోలు మార్ఫ్ చేసి బంధువులందరికీ, ఆఫీసులో వాళ్లకీ పంపారు. ఆ అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ రోజుల్లో మా టీంలో ఒకబ్బాయి అప్పు గురించి నాకు కూడా మెసేజ్ వచ్చింది. వాడు ఆ తర్వాత నా ముఖం చూసి మాట్లాడలేకపోయాడు, ఉద్యోగం మారిపోయాడు. రిజర్వ్ బ్యాంకు 2022 సెప్టెంబరులో ఇచ్చిన రూల్స్ ప్రకారం అప్పిచ్చే యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ లిస్టు, ఫైళ్ల జోలికి పోకూడదు. పోయే యాప్ అయితే అది ఆ రూల్స్ పాటించడం లేదని అర్థం. ఇప్పుడే మీ ఫోన్ సెట్టింగ్స్‌లో పర్మిషన్లు తెరిచి కాంటాక్ట్స్ ఎవరెవరికి ఇచ్చారో చూడండి. నా ఫోన్‌లో ఇరవై మూడు యాప్‌లకి ఉంది, అందులో ఒకటి టార్చిలైట్. నాలుగింటికి ఉంచి మిగతా అన్నింటికీ తీసేశాను, ఏ యాపూ ఆగిపోలేదు.

దసరాకి ఊరెళ్లినప్పుడు ఒక మధ్యాహ్నం బాపు ఫోన్ తీసుకుని కూర్చున్నాను. కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ సైట్‌లో ఆయన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూస్తే మూడు చూపించింది. ఒకటి ఆయనది. ఒకటి నా ఇంజనీరింగ్ రోజుల్లో ఆయన ఆధార్ మీద నేను తీసుకున్నది. మూడోది ఎవరిదో ఇంట్లో ఎవరికీ తెలియదు. అక్కడే "ఇది నా నంబరు కాదు" అని రిపోర్ట్ చేసే వీలుంది, చేశాం. వాట్సాప్‌కి టూ స్టెప్ పిన్ పెట్టాం. తెలియని ఫైళ్లు వాటంతట అవే డౌన్‌లోడ్ కాకుండా ఆపాం, ఎందుకంటే ఆ ముందు వారమే మా వదిన ఫోన్‌కి పెళ్లి కార్డు అని ఒక ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లో యాప్ వేసే ఫైలు, వచ్చింది, తెరిచింది, గంటలో ఆమె వాట్సాప్ నుంచి అందరికీ "అర్జెంటుగా పదివేలు పంపండి" అని మెసేజ్‌లు పోయాయి. పెళ్లి కార్డు ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది కానీ ఇన్‌స్టాల్ చేయమని అడగదని బాపుకి చెప్పాను. సైబర్ మోసాల ఫిర్యాదుకి ఉన్న 1930 నంబరు గోడ మీద క్యాలెండర్ పక్కన పెద్ద అంకెలతో రాసి పెట్టాను. డబ్బు పోతే ముందు నాకు కాదు, ఆ నంబరుకి చేయమన్నాను. వెంటనే చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపగలిగే అవకాశం ఉంటుంది, నాకు చేసి ఏడిస్తే ఆ సమయం పోతుంది.

బాపు అన్నీ విని ఒకటే అడిగాడు. "మనం తప్పు చేసినోళ్లం కాదు గదా, మనకేం దాచుకునేది ఉంటది?" నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రాత్రి భోజనాలప్పుడు, బాబాయి డబ్బు పోయిన సంగతి ఊళ్లో ఎందుకు చెప్పలేదు బాపూ అని అడిగాను. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "వాని మర్యాద పోతది గదా బిడ్డా" అన్నాడు. దాచుకునేది అదే బాపూ అన్నాను.

ఇక రేషన్ సంగతి. బయోమెట్రిక్ లాక్ చేశాం కాబట్టి నెలనెలా బియ్యానికి పోయినప్పుడు దాన్ని కాసేపు తెరవాలి. అమ్మదీ బాపుదీ ఇద్దరిదీ లాకే. మొదటి నెల నేను హైదరాబాద్‌లో కూర్చుని సైట్‌లో తెరవబోయాను, ఓటీపీ బాపు ఫోన్‌కి పోయింది. ఆయన క్యూలో నిలబడి ఫోన్ చేశాడు. "ఏదో ఆరంకెలు వచ్చినయి బిడ్డా. ఎవ్వరికీ చెప్పద్దంటివి గదా. నీకు చెప్పాల్నా?"

గొంతు నాదే. నంబరు నాదే. అయినా నా నోటితో చెప్పమని అనలేకపోయాను. ఈ మధ్య గొంతులు కూడా అచ్చు దింపుతున్నారు కదా. నాకు కూడా చెప్పకు బాపూ, ఇంటికి పో, శనివారం వస్తా, నీ ఫోన్‌లోనే నువ్వే తెరుచుకోవడం నేర్పిస్తా అన్నాను.

ఆ శనివారం వెళ్లి నేర్పించాను. అరగంట పట్టింది, కళ్లద్దాలు తెచ్చుకుని రెండుసార్లు తప్పు కొట్టి మూడోసారి తెరిచాడు. ఆ నెల మా ఇంట్లో బియ్యం నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చాయి.